వాట్ల లెక్క

జీలాంగ్‌లో వాన. షాపు మూయడానికి ఇరవై నిమిషాలు.
"మీ అబ్బాయికా?" అన్నాడు లాక్లన్, చొక్కా మీద పేరున్న కుర్రాడు.
నాకే, అన్నాను.
ఒక కనుబొమ్మ పైకి లేచి
మర్యాదగా మళ్ళీ కూర్చుంది.

రెండు లాప్‌టాప్‌లు. రెండింట్లోనూ ఒకే పేరు గ్రాఫిక్స్ కార్డు.
ఒకటి అప్పడం, ఒకటి ఇటుక.
ధరలో మాత్రం అప్పడమే బరువు.

"పేరు కాదు, వాట్లు చూడండి"
గొంతు తగ్గించాడు.
సన్నదానికి ఊపిరాడదట,
అరవై దాటితే ఆయాసమట.
నాకింకా ఆరేళ్ళుంది, అనుకున్నాను.
పేరు గొప్ప ఊరు దిబ్బ అని
ఇంగ్లీషులో ఎలా అనాలో తెలీక
నవ్వి ఊరుకున్నాను.

ఇటుక మీద ఏదో ఆట తెరిచాడు.
కొండ. గాలి. గడ్డి.
గడ్డంతా ఒక్కసారి కాదు,
పరక తరవాత పరక వంగింది.
లోపల ఫ్యాను
కూత పెట్టబోయే కుక్కర్‌లా బుసకొట్టింది.

పదకొండేళ్ళుగా రాత్రి డ్యూటీల్లో
మంచాల పక్క మానిటర్ల మీద
ఆకుపచ్చ గీత ఆగకూడదని చూసిన కళ్ళివి.
ఆగినా ఎవరికీ ఏమీ కానిదాన్ని
కాసేపు చూడాలని.

అదంతా అతనికెందుకు?
"చార్జర్ బరువెంత?" అన్నాను.
"ఇంకో ఇటుక."

ఆరున్నర బస్సులో
రెండు ఇటుకలూ ఒళ్ళో.
రేపు సెలవు.