బండి అమ్మినంక

పన్నెండు వేలకు అమ్మిన.
రాజవ్వ కడుపుల రాళ్లున్నయన్నరు.
బండి వోయింది, రాళ్లు వోయినయి,
లెక్క సరి.

తెల్లారి తాళంచెవి కోసం జేబుల చెయ్యి వెడితె
చిల్లర తగిలింది.

గిర్మాజీపేటల ఇల్లు, మండిబజార్ల ప్రెస్సు.
పదిహేనేండ్లు అది నాలుగు నిమిషాల తొవ్వ.
గుంతలన్ని ఎరుకే నాకు,
ఏ మలుపుకాడ హారన్ కొట్టాల్నో ఎరుకే.
మనుషులంటె
బ్రేకు మీద కాలు వెట్టిచ్చెటోళ్లు.

నడిచిన మొదటి దినం ఇరవై నిమిషాలు.
వారం తిరిగెసరికి నలభై.
కాళ్లు మంచిగనే ఉన్నయి,
ఇస్త్రీపెట్టె పక్కకు వెట్టి ఓదెలు అడ్డమొచ్చిండు:
"బండేదే?"
"అమ్మిన."
"సల్లగుండు! నీ నీలం అంగి దీపావళి నుంచి నా కాడనే ఉన్నది,
ఆగుమంటె ఆగినవా ఎన్నడన్న?"

ఆగుతున్న ఇప్పుడు.
గడియారాల సారంగం దుకాణంల
ఏ రెండు గడియారాలు ఒక్క టైము చెప్పవని
ఆగితెనే తెలిసింది.
"ఏది కరెక్టే?" అంటె
తన చేతికి చూస్కున్నడు. చేతికి గడియారం లేదు.

తాహెరా బేగం పుదీన కట్టలు
మబ్బుల తడిబట్టల పండుకుంటయి,
ఎనిమిదింటికి లేస్తయి.
అమ్మేది ఐదు రూపాయల పుదీన,
పుక్యానికి చెప్పేది వాడకట్టు సంగతి:
ఎవరింట్ల కుక్కర్ పేలింది,
ఏ పోరడు పదోతరగతి తప్పిండు,
నల్లా ఎన్నింటికొస్తది.
మా ప్రెస్సుల ఇవన్ని అచ్చు గావాలంటె రెండు దినాలు వడతది.

"దాని నాయినవా నువ్వు?"
అన్నడు జామకాయల లింగమూర్తి.
మా చిన్నది బడి ఇడిసినంక రోజు అక్కడ ఆగుతదట,
ఉప్పుకారం రెండుసార్లు చల్లిచ్చుకుంటదట,
పైసలు తక్కువైతె రేపు అంటదట, ఇస్తదట.
పదిహేనేండ్లు ఆ బండి ముంగట నుంచే వోయిన.

శివరాత్రి దాటినంక మిర్చి బస్తాల డీసీఎం
ఎనుమాముల తొవ్వ తప్పి మా దిక్కు దూరితె
గల్లీ గల్లీయే తుమ్ముతది.
సారంగం తుమ్ముతడు, తాహెరా తుమ్ముతది,
జోకుతున్న మార్వాడీ సేటు తరాజు ఊగుతది.
చిరంజీవ అందామంటె
నోరు ఖాళీగున్నోడు ఒక్కడు లేడు.

అంత సుఖమే అని చెప్ప.
ఫుట్‌పాత్ మీద ఫ్రిజ్జులు నిలవడ్డయి,
నడిచెటోడు మోరి అంచు పట్టుకొని నడవాలె.
వాన వడితె అండర్‌బ్రిడ్జి కాడ
చెప్పులు చేతికొస్తయి.
పాన్ ఊంచెటోడు ఎటు తిరిగి ఊంచుతడో
శివునికి సుత తెల్వది.
ఎండకాలం నడిపగటీలి, ఒప్పుకుంట,
బండి యాదికొచ్చింది. చానసార్లు.

మొన్న మాపటికి చౌరస్తా దాటుతుంటె
ఎనుక నుంచి ఆ సప్పుడు.
మూడో గేరుల ఒకపాలి దగ్గి సర్దుకుంటది.
నా బండే. అన్ని బండ్లల్ల గుర్తువట్టిన.
అఫ్సర్ ఆపిండు, కొన్న పిలగాడు,
సీటెనుక బిర్యాని డబ్బాల సంచి.
"ఎక్కు కాకా, ఇంటికాడ దింపుత."

అద్దం మీద మా చిన్నది అంటిచ్చిన సీతాకోకచిలుక
అట్లనే ఉన్నది, ఒక రెక్క ఊడింది.
సీటు మీద చెయ్యి వెట్టిన. వెచ్చగున్నది.

"నువ్వు వో బిడ్డ, డబ్బాలు సల్లారుతయి.
నాకు తొవ్వల పనులున్నయి."

"ఏం పనులు కాకా?"

నోటికి ఒక్కటి రాలే.
వాడు మలుపు తిరిగినంక వచ్చినయి, అన్ని ఒక్కపాలి:
రాజవ్వకు పుదీన,
చిన్నదాని బాకీ రెండు రూపాయలు,
సారంగాన్ని టైమడుగుడు,
ఓదెలు కాడి నీలం అంగి.

అంగి రేపు తెచ్చుకుంట.