వెండి పొర

మొదట అది అడిగింది: ఫిల్మ్ ఏ రకం?
ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న.
చీకటిగదిలో వేలితో తడిమితే తెలిసిపోయేది.
మూడు పేర్లు చూపించి ఆగింది.
నేనూ ఆగాను, మౌస్ మీద చెయ్యి
పంటు ఎక్కడానికి జంకే దూడలా.

ఏదో ఒకటి నొక్కాను.
నర్సాపురం లేసు సొసైటీ ఆడవాళ్ళు పదకొండు మంది
తెల్లటి జుట్టుతో, నల్లటి పళ్ళతో
తెర మీద నవ్వుతూ కూర్చున్నారు.
తబిత పక్కకి తిరిగి నవ్వాపుకుంది.
"పాజిటివ్ అని పెట్టారు మాస్టారూ, అది నెగటివ్ కదండీ."
నెగటివే. నలభై రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నది వాటిమీదే.
నల్లపళ్ళ మొహాల్ని చూసి
ఎవరు అందగత్తో చెప్పగలను నేను.

రెండోసారి జుట్టు నల్లబడింది.
అయినా ఏదో తేడా,
అద్దంలో గడియారం చూసినట్టు.
అప్పుడు కనబడింది: పదకొండు పైటలూ
కుడి భుజాల మీదున్నాయి.
ఫిల్మ్ తిరగబడి పడుకుంది,
సొసైటీ మొత్తానికి ఎడమచేతి వాటం వచ్చేసింది.
మెరుపు వైపు కిందకి, మసక వైపు పైకి.
నా ఎన్లార్జర్‌లో మసక వైపు కిందకి.
కాపీలో రాసుకుని గీత గీశాను.

అంగుళానికి ఎన్ని చుక్కలు కావాలంది.
ఎక్కువ వేస్తే మంచిదనుకున్నాను, ఎరువులాగా.
గాజు కింద గుయ్యిమని దీపం బయల్దేరింది,
సఖినేటిపల్లి నుంచి మా రేవుకి
పోటుకి ఎదురొచ్చే పంటు కన్నా నెమ్మదిగా.
టీ తాగొచ్చాను. ఇంకా నడి గోదాట్లోనే ఉంది.

మూడో తప్పు ఆశవల్ల.
"దుమ్ము తొలగించు" అని చిన్న గడి.
వరదేడు ఎర్రనీళ్ళు తాగిన డబ్బా ఇది,
మూత తీస్తే ఇప్పటికీ ఒండ్రు వాసన.
టిక్కు పెట్టాను.
దుమ్ము పోయింది. దాంతోబాటు
వాళ్ళ ఒళ్ళలో పరుచుకున్న లేసు దుప్పటి
కళ్ళన్నీ పూడిపోయాయి. ఆర్నెల్ల అల్లిక,
గంజిగిన్నె ఒంపినట్టు ఒకటే తెలుపు.
ముక్కుపుడకలు కూడా ఏరేసింది, ఒక్కటీ మిగల్చకుండా.
తబిత ఫోన్లో చదివి చెప్పింది:
"ఇది వెండి ఫిల్మండి. ఆ వెలుగు వెండిలోంచి దూరదంట.
అడ్డమొచ్చిందల్లా దుమ్మే అనుకుంటదంట."

వెండి సంగతి నాకు చెప్పకమ్మా.
వాడేసిన హైపో నీళ్ళ కోసం
కంసాలి వీరబ్రహ్మం శనివారం శనివారం
ప్లాస్టిక్ బిందెతో వచ్చేవాడు.
మొహానికి పనికిరాని వెండంతా
ఏ పిల్లకో కాలిపట్టీలయ్యేది.

గడి ఖాళీగా ఉంచి మళ్ళీ నడిపించాను.
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి
రెండో వరస చివర
బళ్ళ సువార్తమ్మ చెంప మీద ఆగాను.
సన్నటి గీతలు, కామాల్లా ఒంగినవి,
వందో నూటయాభయ్యో.
"గీకుళ్ళు పడ్డాయండి" అంది తబిత.
కాదు. అది నా చెయ్యి.
మొహానికి రూపాయి, మచ్చలకి వేరే లెక్క లేదు.
ముల్లులా చెక్కిన పెన్సిలుతో, ఊపిరి బిగబట్టి
ఆమె స్ఫోటకం గుంటలు ఒక్కొక్కటే పూడ్చాను.
ఇరవై రెండేళ్ళు నాకప్పుడు. ఆవిడ అడగలేదు.
ఓనరు పూడ్చమన్నాడు.
ప్రింటు చేతికొచ్చాక
ఇందులో నేనెక్కడ అని పక్కామెని అడిగిందట.

దూదికి స్పిరిట్ అద్దితే
గీతలు పోతాయి, గుంటలొస్తాయి.
"అంత కష్టమెందుకండి, ఇందులోనే తీసేయొచ్చు, చిటికెలో."
ఏవి తీస్తావే? గీతలా, గుంటలా?
ఆ పిల్లకి అర్థం కాలేదు.
నాకూ సగమే.

ఇంతలో కరెంటు పోయింది.
దీపం ఉన్నచోటే నిలబడిపోయింది.
నెగటివ్ తీసి కిటికీకి పట్టుకున్నాను.
వేలిగోరులో పావంత మొహం,
గీతలూ లేవు, గుంటలూ లేవు.
నల్లపళ్ళతో సువార్తమ్మ. పైట ఎడమ భుజానే ఉంది.
దుప్పటి కళ్ళు నాకు ఆనడం లేదు,
నువ్వు లెక్కపెట్టమ్మా అన్నాను.
ఎనభై దాకా వచ్చి తబిత మర్చిపోయింది.
మళ్ళీ మొదట్నుంచి.