అతుకు

కళింగపట్నం ఉప్పుగాలి
ఇరవయ్యేళ్లు నాకిన ఫియట్ కారు.
నరసన్నపేట షెడ్డులో
రంగు వలిచి, తుప్పు గీకి,
ఒట్టి రేకుగా నిలబెట్టాం.

డిక్కీ అతుకులో
పాత సీలర్ రాయై కూచుంది.
ఉలి పెట్టబోతే
తవిటయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఆగరా గుంటడా, టార్చి ఎయ్యి."

వేలిగుర్తు.
ఏ ఫ్యాక్టరీలో, ఏ షిఫ్టు చివరో
ఎవడో లాగి వదిలేసిన బొటనవేలు,
గీతలతో సహా.
తన వేలు ఆనించి చూశాడు. పట్టలేదు.
"సన్నని ఏలు. కుర్రోడే అయ్యుంటాడు."

"ఉంచేద్దామా మావా?"
"ఉంచితే నీరు దిగిపోద్ది. గీకీ."

గీకేశాను.

గన్ను నొక్కితే కొత్త సీలర్
బద్ధకంగా పాకింది.
తిన్నరులో వేలు ముంచి
ఆ చివర్నించి ఈ చివరికి
ఒకే ఊపిరిలో లాగాడు,
మడిగట్టుకి బురద మెత్తినట్టు.
వేలు ఎత్తేచోట
కావాలనే కాస్త నొక్కాడో
చెయ్యే వణికిందో,
నేనడగలేదు.
ఎలాగూ రేపు రంగు పడుతుంది.

ఎండాక
నన్ను డిక్కీలో ముడుచుకోమని మూత వేసి
పైనుంచి నీళ్లు కుమ్మరిస్తున్నాడు.
చీకట్లో అతుకు వెంట
తడుముకుంటూ పోతున్నాను.

"కారతందేట్రా?"
"లేదు మావా."

ఇంకో బిందె.