ఎంగిలి గాలి

స్కోప్యేలో, ఆవ్తోకోమాండా పేటలో మా షెడ్డు.
నవంబరు చివర.
క్యాబేజీలు మోసే జోర్దాంచో
తన పాత డీజిల్ బండిని దగ్గించుకుంటూ తెచ్చి
"అది మూసెయ్యి" అన్నాడు.
అది అంటే ఏదని అడగక్కర్లేదు.
వారానికి ముగ్గురొస్తారు అదే మాటతో.

విప్పాను.
కవాటం నోటినిండా మసి,
మాడిన అట్టులా, గీకితే పెళ్లలు పెళ్లలుగా.
బొటనవేలు దూరాల్సిన దారిలో
చిటికెనవేలు పట్టదు.

"అసలు దీన్నెవడు పెట్టాడు?
తన ఎంగిలి గాలి తనే పీల్చే జంతువుంటుందా?"

స్టవ్ మీద జెజ్వాలో కాఫీ పొంగుకొస్తోంది.
చెంచాడు చన్నీళ్లు పోశాను. అణిగింది.
ఇదీ అంతే, అన్నాను.

ఒకసారి కాలిన గాలికి మళ్లీ కాలే ఓపిక లేదు.
కొత్తగాలి వెంట లోపలికెళ్లి
ఊరికే కూర్చుంటుంది, వేడి తాగుతూ,
తగువు మధ్య ముసలాయనలా.
మంట రెండు మెట్లు దిగుతుంది.
నత్రజని, ప్రాణవాయువు
ఎన్నాళ్లు పక్కపక్కనున్నా
పలకరించుకోని ఇరుగుపొరుగు.
వేడి హద్దు మీరితేనే వాటికి చుట్టరికం.
ఆ చుట్టరికమే
నీ గొంతులో గరగర.

జోర్దాంచో కాఫీ చప్పరించాడు.
"మరి మసి?"

నిజమే. మంట చల్లబడితే మసి ఎక్కువ.
ఒక చెడ్డకి ఇంకో చెడ్డ పూచీ.
కడగాలంటే రెండు రోజులు,
మూయాలంటే నలభై నిమిషాలు,
వెనకాల క్యాబేజీలు వాసనేస్తున్నాయి.

గ్యాస్కెట్ చుట్టూ పెన్సిలు తిప్పి
రెండు మిల్లీమీటర్ల ఉక్కురేకు కోశాను.
మూడు బోల్టులు విప్పి, దారికి అడ్డం పెట్టి, బిగించాను.
మా అల్లుడు లాప్‌టాప్ తగిలించి
బండి బుర్రకి ఒక అబద్ధం నేర్పాడు:
కవాటం తెరుచుకుంది, మూసుకుంది, అంతా క్షేమం.
పసుపు దీపం ఆరిపోయింది.
బండి కుర్రదైపోయి
సందు చివర ఎర్రలైటు దగ్గర కూడా
ఆగలేనట్టు ఊగింది.

ఆదివారం వోద్నో కొండెక్కాను.
పైన ఎండ. నీలం ఆకాశం.
కింద ఊరు లేదు.
గిన్నె మీద మూతలా బూడిదరంగు,
దాన్ని పొడుచుకుని రెండు చిమ్నీలు.
నిన్న వదిలింది ఇవాళ పీల్చి
ఇవాళ్టిది రేపటికి దాచుకుంటూ
మూత కింద ఎక్కడో వర్దర్ నది,
మా షెడ్డు, మా మనవరాలి బడి.
చల్లబరచడానికి కాదు ఈ తిప్పడం.
చుట్టూ కొండలు. ఏ బోల్టు విప్పాలో
నలభై ఏళ్ల అనుభవానికి తెలియలేదు.

సోమవారం నర్సు జాగోర్కా వచ్చింది.
రాత్రి డ్యూటీ కళ్లు, చిన్న నీలం కారు.
"అది మూసెయ్యి."
కిరోసిన్ బేసిను, తీగబ్రష్షు దగ్గరికి లాక్కున్నాను.
గురువారం రమ్మన్నాను.
బస్సుల్ని, నన్ను, మా అమ్మని కలిపి తిట్టి
కాలినడకన వెళ్లిపోయింది
ముక్కుకి మఫ్లరు చుట్టుకుని.

జోర్దాంచో రేకులో మిగిలిన ముక్క
ఇంకా డ్రాయరులోనే ఉంది.
నాలుగింటికి సరిపోతుంది.