పాళీల పుస్తకం

నువ్వెలాగూ మేలుకునే ఉంటావు కదా దమయంతమ్మా,
అన్నారందరూ.
నిజమే. పెళ్ళిళ్ళ రోజుల్లో నా మిషను
రెండింటిదాకా ఆగదు.

పర్లాకిమిడిలో మా కొమ్ముపనోళ్ళ వీధిన
నెల్లో మూడు సైకిళ్ళు పోయాయి.
లోకనాథం గారి నీళ్ళ మోటారు పోయింది.
గోబర్ధన్ మహారణా అరుగు మీద
సగం చెక్కిన కొమ్ము కొంగ పోయింది,
ఒంటికాలిది, రెండోకాలు ఇంకా దిగలేదు.
దొంగ పాతపట్నం నుంచి వచ్చాడని ఒడియావాళ్ళు,
కొండ దిగొచ్చాడని మావాళ్ళు.
ఎస్సై వచ్చి, కాపలా కమిటీకి ముందుండేదెవరు అంటే
వీధంతా కాలివేళ్ళు లెక్కపెట్టుకుంది.
నా చెయ్యి లేచింది.
గొప్ప ధైర్యమేం కాదు,
సూదిలోకి దారం ఎక్కించడానికి లేచినట్టే లేచింది.

పుస్తకం కొన్నాను.
ఎడమ పేజీ తెలుగు నాది,
కుడి పేజీ ఒడియా సుబాసినిది.
పాళి అంటే వాళ్ళకి వంతు,
మనకేమో కలం ముక్కు.
పాళీతో పాళీలు రాస్తున్నానని
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సోమవారం పాపినాయుడు, పద్మలోచన్.
మంగళవారం ఇద్దరికీ నడుంనొప్పి.
బుధవారం నేనే.
రథయాత్ర దుకాణంలో మిగిలిన ఈలలు ఆరు,
అందులో ఒకటి పలకదు,
దాన్ని పాపినాయుడికిచ్చాను.

చివరి గడిలో 'ఏం జరిగింది?'
రోజూ రాశాను: ఏమీ లేదు.

పన్నెండున్నరకి బేంకు గుమస్తా ఇంట దీపం వెలుగుతుంది,
కదల్లేని తల్లిని పక్కకి తిప్పుతాడు.
ఒంటిగంటకి చివరింటి గోడవతల ఏడుపు
మా టార్చి పడితే ఆగుతుంది,
దాటితే మళ్ళీ మొదలు.
మేడ మీద ఫోనులో గుసగుసలాడే పిల్ల
నిశ్చితార్థం జాకెట్టు నా దగ్గరే ఉంది.
ఫోనులో ఉన్నది ఆ పెళ్ళికొడుకు కాదు.
ఇవేవీ రాయలేదు.
దొంగతనాలు కావు కదా.

మాఘమాసం, రెండూ పదికి కేకలు.
నేను వెళ్ళేసరికి
కుళాయి దగ్గర ఒక కుర్రాడు, భుజాన గోనెసంచి,
చుట్టూ పదకొండు కర్రలు.
నడుంనొప్పులన్నీ అక్కడే ఉన్నాయి.
తెలుగులో అడిగారు ఎవడ్రా నువ్వని,
ఒడియాలో అడిగారు సంచిలో ఏటని.
వాడేదో చెప్పాడు,
మా పుస్తకంలో ఏ పేజీకీ చెందని మాటలు.
మొదటి దెబ్బ ఎవరు వేశారో నాకు తెలుసు.
ఆ చేతి కొలత నా టేపుకి తెలుసు.

ఈల ఊదాను.
దొంగ కోసమని మెడలో కట్టుకున్న ఈల,
మావాళ్ళ మీద,
ఊపిరి అయిపోయేదాకా ఊదాను.
అరుగుల మీద దీపాలు లేచాయి.
ఏడ్చే ఇంటి తలుపు కూడా, బెత్తెడు.

సంచిలో ఒక దుప్పటి,
వేణ్ణీళ్ళ కోసం తెచ్చిన సత్తుగిన్నె,
ఎక్సరే.
పద్మలోచన్ దాన్ని ఎత్తి పట్టుకున్నాడు.
ఎవరి తల్లివో పక్కటెముకలు,
వాటి సందుల్లోంచి
మా టార్చిలైట్లన్నీ మా మొహాల మీదకే.

ఆస్పత్రికి రెండు వీధులే. నేనూ సుబాసినీ నడిచాం.
వాడు మా వెనకాల, నాలుగడుగులు ఎడంగా,
మేం ఆగితే ఆగుతూ.
గిన్నెలో నీళ్ళు సుబాసిని కాచింది.
వాడి పేరు అడగాలని గేటు దాటాక తోచింది.

పుస్తకం తెరిచాను.
ఏం జరిగింది?
కలం ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు,
సిరా ఒకచోట నానింది.
ఈల ఒకసారి, అని రాశాను.
కుడి పేజీలో సుబాసిని ఏం రాసిందో
చదవమని అడగలేదు.

ఆ వారం నలుగురు మానేశారు.
గోబర్ధన్ కొంగకి రెండోకాలు దిగకుండానే
ఇంకో కొంగ మొదలెట్టాడు.
మోటారు దొరకలేదు.
ఈ రాత్రి నా పాళి.
నిన్న కుట్టిన జాకెట్టుకి
ఎడమచెయ్యి తిరగబడి పడింది.
ముందు దాన్ని విప్పాలి.