ఆకుపచ్చ చుక్క

స్టాక్‌టన్‌లో జనవరి పొగమంచుకి
వీధి దీపాలు కూడా కళ్ళు నులుముకుంటాయి.
మా గదికి కిటికీలు లేవు.
గోడ నిండా పటం,
పటం నిండా చుక్కలు,
ఒక్కో చుక్కా ఒక మగవాడి చీలమండ.

ఆకుపచ్చ అంటే ఉండాల్సిన చోట ఉన్నాడని.
పసుపు అంటే బ్యాటరీ అడుగంటిందని.
ఎరుపు గురించి శిక్షణలో ఇరవై నిమిషాలు చెప్పారు.
మిగతా పూటంతా
సెలవు దరఖాస్తు ఎలా నింపాలో.

కర్ట్ లిండ్‌వాల్ పెరోల్ మీద బయటికొచ్చాడు.
బడికి రెండు వేల అడుగుల లోపు,
పార్కుకి రెండు వేల అడుగుల లోపు
వాడు కాపురం ఉండకూడదు.
స్కేలు పెట్టి కొలుచుకుంటూ పోతే
ఊళ్ళో వాడికి మిగిలింది
కాలవ గట్టూ, రైలు వంతెన కిందా.
అక్కడ ప్లగ్గు ఉండదు.
రాత్రిళ్ళు లాండ్రీ షాపు వెనక
గోడకి కాలు ఆనించి కూర్చునేవాడు,
రెండు గంటలు,
తనని తాను ఛార్జి చేసుకుంటూ.
మేము దాన్నే చిరునామా అని రాసుకున్నాం.

డిసెంబరులో షాపు యజమాని ఆ ప్లగ్గు పీకేశాడు.
కరెంటు బిల్లు ఎవరు కడతారని.

అప్పట్నుంచి పసుపు. పసుపు. పసుపు.
పంతొమ్మిది రోజుల్లో నలభై మూడు సార్లు.
మొదటిసారి ఒబ్రెగాన్‌కి ఫోన్ చేశాను, వాడి ఆఫీసరుకి.
కారులోంచి
పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మిన చప్పుడు.
"నా నెత్తిన డెబ్భై ఒక్కమంది, అమ్మాయ్.
నలభై అన్నది కాగితం మీద."
అబద్ధం చెప్పలేదతను.
నాలుగోసారి మెసేజ్ పెట్టి ఊరుకున్నాను.
పదోసారికి, ఎక్కడ నొక్కితే చప్పుడు ఆగుతుందో
నాకన్నా ముందు నా వేలికి తెలిసిపోయింది.
'గమనించాం' అని ఒక మీట.
అది నొక్కితే చుక్క
మళ్ళీ ఆకుపచ్చ అవుతుంది.

పిల్లి మెడకి గంట కట్టాం, నిజమే.
కోటి డాలర్ల టెండరు పిలిచి మరీ కట్టాం.
మోగితే లేచి వెళ్ళేదెవరో
ఏ పేజీలోనూ రాసుకోలేదు.

అక్రోటు కాయలు ఏరే షెడ్డులో రాత్రి షిఫ్టు ముగించి
ఒకామె బస్సు దిగింది.
గట్టు వెంట ఇంటికి పదకొండు నిమిషాలు.
ఆమె పేరు పేపర్లో వేయలేదు.
నేనూ వేయను.
బతికే ఉంది.
ఇంతకన్నా అడక్కండి.

ఆ రాత్రి పటం మీద
వాడు లాండ్రీ షాపు వెనకే ఉన్నాడు.
బుద్ధిగా, ఆకుపచ్చగా.
పరికరం చచ్చి అప్పటికి ఆరు గంటలు.
ఆకుపచ్చ చేసింది నేను.

శాక్రమెంటోలో విచారణ.
పరికరంలో లోపం లేదని కంపెనీ.
పద్ధతి తప్పలేదని శాఖ.
ఇద్దరూ నిజమే చెప్పారు.
చివర్లో ఒక పెద్దమనిషి లేచి
రెండు వేల అడుగుల్ని మూడు వేలు చేద్దామన్నాడు.
చప్పట్లు.
నా పక్కన కూర్చున్నామె కొట్టలేదు.
గోళ్ళ సందుల్లో అక్రోటు మరకలు, నల్లగా.
కాసేపాగి నావైపు వంగి
బాత్రూమ్ ఎటని అడిగింది.
ఎడమ చేతి వైపు, రెండో తలుపు, అన్నాను.
ఆమె ఎవరో నేను అడగలేదు.
నేనెవరో ఆమెకి తెలీదు.
ఆ రోజు ఆ హాల్లో ఒక మనిషికి
పనికొచ్చే మాట చెప్పింది నేనొక్కదాన్నేనేమో.

ఇప్పుడు మాకు రెండో మీట పెట్టారు.
'నిజంగా గమనించారా?' అని అడుగుతుంది.
అవును అని నొక్కాలి.

మొన్న తెల్లవారుజామున మూడింటికి ఒక పసుపు.
నొక్కలేదు.
లైన్లో ఒబ్రెగాన్ ఫోను మోగుతూనే ఉంది.
గదిలో అలారం కొట్టుకుంటూనే ఉంది.
పక్క సీట్లో టోబియాస్
చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి,
విసుగ్గా నావైపు తిరిగి,
"ఏంటి, నిద్రపోయావా?" అన్నాడు.