మేకుకు వేలాడే పుస్తకం

బెంగళూరా కాయ ఇంకా లారీ ఎక్కలేదు.
సీజనుకు పది దినాలు ముందే
చిత్తూరు ఫైర్ స్టేషన్ నుంచి ఖాదర్ బాషా సారు వచ్చినాడు.
మా మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
పుట్టని అగ్గిని వెదికినాం ఆ పొద్దంతా.

బాయిలరు కాడ ఇసక బక్కెట్లు నాలుగు.
రెండింట్లో బీడీ ముక్కలు,
ఒకదాంట్లో పిల్లి ఈనింది,
నాలుగోది ఖాళీ.
ఇసక యాడని అడిగితే
వాచ్‌మన్ గోవిందసామి తల గోక్కున్నాడు.
"మొన్న వానకు గేటుకాడ గుంత పడితే పూడ్చినా సారూ."

ఎర్ర సిలిండరుకు ఆయుధపూజ నాటి గంధం,
గంధం మీద కుంకం,
కుంకం కింద యాడో ముల్లు.
పచ్చలో ఉందో లేదో
ఏడు నెలలుగా ఎవరూ చూసినోళ్ళు లేరు.
చెంపలేసుకొని, కొంగు తడిపి, నేనే తుడిచినా.
ముల్లు ఎరుపులో పడుకోనుంది.

వెనక గేటుకు తాళం.
తాళంచెవి మేనేజరు కాడ,
మేనేజరు పలమనేరులో పెండ్లికాడ.
"తీసిపెడితే కాయలు పోతాయి సారూ."
"మూసిపెడితే?" అన్నాడు సారు.
దాని మీద ఎవరూ ఏమీ అన్లేదు.

తర్వాత తలా ఒక పని చెప్పినాడు.
ఏకాంబరం మెయిను ఆపాల,
కన్నియమ్మ కడిగే రూములో ఆడోళ్ళను బయటికి తోలాల.
"నువ్వేం చేస్తావమ్మా?"
"నేను రాత మనిషిని సారూ, హాజరు రాస్తా."
"అయితే పుస్తకం ఎత్తుకొని రా.
డబ్బు పెట్టె వద్దు, చెప్పులు వద్దు. పుస్తకం."

సైరన్ మోగింది.
నవ్వతా వచ్చినోళ్ళు కొందరు,
సద్ది క్యారియరు చంకన పెట్టుకొని కొందరు.
దొరసానమ్మ వాకిలి దాకా వచ్చి మళ్ళా లోపలికి పోయింది,
విప్పిపెట్టిన కమ్మల కోసం.
"కాలిపోయినావు పో" అన్నాడు సారు.
అందరం నవ్వినాం, సారు నవ్వలేదు.

వేబ్రిడ్జి కాడ నిలబడి పేర్లు పిలిచినా.
అరవై నాలుగు పేర్లకు
అరవై నాలుగు "ఉండా"లు.
తృప్తిగా పుస్తకం మూసినా.
సారు మాత్రం వేలు ఆడిస్తా తలలు ఎంచినాడు.
అరవై ఏడు.

కడాన ముగ్గురు పిల్లోళ్ళు.
క్రేట్ల వెనక నిద్రపోతా ఉన్నారంట,
కండ్లు ఇంకా తెరుచుకోలేదు.
"ఒరిస్సా వాళ్ళులే, నా మనుషులు.
నీ లెక్కలోకి రారు" అన్నాడు మేస్త్రీ మునిచంద్ర.

సారు నా దిక్కు తిరిగినాడు.
"నిజంగా అగ్గి పడి, ఈ ముగ్గురూ లోపలే ఉండిపోతే
నీ లెక్క ఎంతమ్మా?"
అరవై నాలుగు.
"సరిపోయిందని చెప్తావు గదా?"
చెప్తాను.
సరిపోయిందనే చెప్తాను.

పద్దెనిమిదేండ్లుగా రాస్తా ఉండా.
కూలిలో తేడా రాకూడదని రాసినా,
ఆలస్యమైతే ఎర్ర సిరాతో సున్న చుట్టినా.
పొగలోకి ఒక మనిషి పోవాలంటే
లోపల ఉండే మనిషి పేరు
బయట ఎవరో ఒకరు పిలవాలని
నాకెన్నడూ తోచలేదు.

అప్పుడే అడిగినా. వాళ్ళకు నా భాష రాదు.
ఒకడు ఎదమీద చెయ్యిపెట్టి "సుదామ" అన్నాడు.
ఇంకొకడు బనమాలి.
మూడోవాడి పేరుకు నా నోరు తిరగలేదు,
మూడుసార్లు చెప్పించుకొని
ఎట్లో ఒకట్ల తెలుగులో పెట్టినా.
తప్పే రాసుంటా.
పిలిస్తే మాత్రం పలుకుతాడు.

ఇప్పుడు కాయ దిగతా ఉండాది.
రోడ్డు పొడుగునా లారీలు, టెంకల మీద ఈగలు.
పిల్లి తన పిల్లల్ని అట్టపెట్టెలోకి మార్చుకొనింది.
వెనక గేటు తాళంచెవి గేటు పక్కనే, గాజు పెట్టెలో.
మేనేజరు దినామూ దాన్ని చూసి గొణుగుతాడు.

పుస్తకం బీరువాలో పెట్టడం మానేసినా.
తలుపు పక్కన మేకు కొట్టించి
తువ్వాలకు తోడుగా వేలాడదీసినా.
పొద్దున్నే పేర్లు రాసి,
అరవై ఏడో పేరు కింద
ఒక వరస ఖాళీగా గీసి పెడతా.
మేస్త్రీ లారీలో
ఎవరు దిగుతారో తెలీదు గదా.